అప్పు తీర్చలేనప్పుడు: రాజీయా, ఐ.పి.యా?

మన ఊళ్లలో 'ఫలానా ఆయన ఐ.పి. పెట్టాడు' అనే మాటను ఎవరూ మామూలు గొంతుతో అనరు. చావు కబురు చెప్పినట్లు గొంతు తగ్గించి చెబుతారు. అది ఇన్సాల్వెన్సీ పిటిషన్ అనే మాటకు పొట్టి రూపమని చాలామందికి తెలియదు. కాని దాని భావం మాత్రం పిల్లలకు కూడా తెలుసు. అప్పులవాళ్లకు ఇక ఇవ్వలేనని కోర్టుకెక్కాడని అర్థం. మరో దారి కూడా ఉంది. నలుగురు పెద్దమనుషులు కూర్చుని, వడ్డీ కొంత కొట్టివేయించి, అసలుకు వాయిదాలు కట్టించి వ్యవహారం తేల్చడం. దీన్ని మనవాళ్లు 'రాజీ' అంటారు.

అప్పుల్లో మునిగిన ముస్లిం ఈ రెండు దారుల్లో దేన్ని ఎంచుకోవాలి? ఏది గౌరవప్రదం అన్నది ఇక్కడ ప్రశ్న కాదు. ఏది అల్లాహ్ సన్నిధిలో మన మెడ మీది బరువును దించుతుంది అన్నదే ప్రశ్న. కోర్టు కొట్టివేసిన బాకీ ప్రళయదినాన కూడా కొట్టివేయబడినట్లేనా? ఈ విషయం మీద మన ఇళ్లలో చర్చ జరగడం చాలా అవసరం.

ఒక ఉదాహరణ తీసుకుందాం

విజయనగరం జిల్లా నెల్లిమర్ల మండలంలో రామతీర్థం అనే గ్రామం ఉంది. కొండల కింద ఆలయం, కొండల మీద ప్రాచీన బౌద్ధ, జైన శిథిలాలు ఉన్న ఊరది. ఉత్సవాల రోజుల్లో చుట్టుపక్కల మండలాల జనమంతా అక్కడికి చేరుతుంది. అలాంటి చోట గాజులు, బొమ్మలు, ఫ్యాన్సీ సరుకు అమ్మే ఒక చిన్న వ్యాపారిని ఊహించుకుందాం. టోకు వర్తకుడి దగ్గర అరువుకు సరుకు తెస్తాడు. నాలుగు రోజుల తిరనాళ్లలో అమ్మి బాకీ తీరుస్తాడు. ఒక ఏడు వాన పడి సరుకు తడిసిపోయింది. మరో ఏడు ఇంట్లో జబ్బు. మూడో ఏటికి లెక్క చూసుకుంటే ఇలా తేలింది. టోకు వర్తకుడికి 2,00,000 రూపాయలు. వారం వాయిదాల ఫైనాన్స్‌కు 1,20,000. పక్కింటి వితంతువు దగ్గర తీసుకున్న చేబదులు 80,000. మొత్తం బాకీ 4,00,000. చేతిలో మిగిలిన సరుకు, సామాను అమ్మితే వచ్చేది 1,00,000.

ఇది ఒక్క వ్యాపారి కథ కాదు. పక్కనే ఉన్న నెల్లిమర్ల జూట్ మిల్లు లాకౌట్ పడినప్పుడల్లా కార్మికుల ఇళ్లతోపాటు, ఆ ఇళ్లకు అరువిచ్చిన కిరాణా కొట్లు కూడా అప్పుల్లో పడ్డాయి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్, 2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను ఉత్తర కోస్తాను దెబ్బతీశాయి. తిత్లీ ఒక్క రాత్రిలో ఉద్దానం కొబ్బరి, జీడి తోటలను నేలమట్టం చేసింది. ఆ తోటల మీద అప్పు తెచ్చినవారు ఏ తప్పూ చేయలేదు. అయినా బాకీ అలాగే నిలిచింది.

అప్పు ఎవరి హక్కు?

ఇస్లాం హక్కులను రెండు రకాలుగా చూపిస్తుంది. అల్లాహ్ హక్కులు, దాసుల హక్కులు. తన హక్కు విషయంలో అల్లాహ్ పశ్చాత్తాపపడినవాణ్ణి క్షమిస్తాడు. దాసుల హక్కును మాత్రం దాని యజమానికి ముట్టజెప్పాలి, లేదా అతను స్వయంగా మాఫీ చేయాలి. అప్పు ఈ రెండో కోవలోకి వస్తుంది. దైవమార్గంలో ప్రాణాలర్పించిన అమరగతుడి పాపాలన్నీ క్షమించబడతాయని, అప్పు మాత్రం మినహాయింపని దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) తెలియజేశారు. ఒకసారి ఒక వ్యక్తి జనాజా తీసుకొచ్చారు. అతనికి బాకీ ఉంది, తీర్చడానికి ఏమీ విడిచి వెళ్లలేదు. దైవప్రవక్త (స) తాము నమాజ్ చేయించకుండా సహచరులనే చేయమన్నారు. హజ్రత్ అబూ ఖతాదా (రజి) ఆ బాకీ నా మీద వేసుకుంటున్నానని చెప్పిన తరువాతే ఆయన నమాజ్ చేయించారు.

అయితే ఇదే దైవప్రవక్త (స) తరువాతి కాలంలో, ప్రభుత్వానికి ఆదాయం సమకూరాక, బాకీతో చనిపోయిన విశ్వాసి అప్పు తీర్చే బాధ్యత తనదేనని ప్రకటించారు. ఈ రెండు సంఘటనలనూ కలిపి చదవాలి. మొదటిది అప్పు తీసుకునేవాడికి భయం నేర్పుతుంది. రెండోది సమాజానికి బాధ్యత నేర్పుతుంది. మొదటిదే చెప్పి రెండోది దాచిపెడితే బాకీదారుణ్ణి నిరాశలోకి తోసినవాళ్లమవుతాం.

సంకల్పం కూడా ఇక్కడ లెక్కలోకి వస్తుంది. తీర్చాలన్న ఉద్దేశ్యంతో అప్పు తీసుకున్నవాడి తరఫున అల్లాహ్ తీరుస్తాడని, ఎగవేయాలని తీసుకున్నవాణ్ణి నాశనం చేస్తాడని హదీసులో ఉంది. అంటే పైకి ఒకేలా కనిపించే ఇద్దరు దివాలాదారులు అల్లాహ్ దృష్టిలో ఒకటి కాకపోవచ్చు.

మదీనా మస్జిదులో ఒక రాజీ

హజ్రత్ కఅబ్ బిన్ మాలిక్ (రజి)కు ఇబ్నె అబీ హద్రద్ (రజి) బాకీ ఉన్నారు. మస్జిదులోనే ఇద్దరికీ మాటా మాటా పెరిగింది. ఇంట్లో ఉన్న దైవప్రవక్త (స)కు ఆ గొంతులు వినిపించాయి. ఆయన తెర తొలగించి బయటికి వచ్చి కఅబ్ (రజి)ను పిలిచారు. సగం వదిలిపెట్టమని చేతితో సైగ చేశారు. కఅబ్ (రజి) వెంటనే ఒప్పుకున్నారు. అప్పుడు ఆయన రెండోవారి వైపు తిరిగి, లేచి మిగిలిన సగం చెల్లించమని ఆదేశించారు.

ఈ చిన్న సంఘటనలో రాజీ సూత్రాలన్నీ ఉన్నాయి. అప్పిచ్చినవారు తమ ఇష్టంతో తగ్గించారు. మధ్యవర్తి ఇద్దరికీ గౌరవనీయుడు. తగ్గించాక మిగిలిన మొత్తాన్ని రేపు మాపు అనకుండా చెల్లించే బాధ్యత బాకీదారు మీద పడింది. మాఫీ అయిన సగం గురించి ఇక పరలోకంలో ప్రశ్న ఉండదు. హక్కుదారుడే వదులుకున్నాడు కదా!

ఈ రాజీ పద్ధతి మన ప్రాంతానికి చట్టరూపంలో కూడా కొత్తది కాదు. విజయనగరం మద్రాసు రాష్ట్రంలో భాగంగా ఉన్న రోజుల్లో, 1936లో, మద్రాసు రుణ రాజీ చట్టం వచ్చింది. బాకీదారును, అప్పిచ్చినవారిని ఎదురెదురుగా కూర్చోబెట్టి తేల్చే బోర్డులను ఆ చట్టం ఏర్పాటు చేసింది. 1938లో వచ్చిన మద్రాసు వ్యవసాయదారుల రుణ విమోచన చట్టం ఇంకో అడుగు ముందుకు వేసింది. 1932 అక్టోబర్ 1కి ముందు చేసిన రైతు అప్పుల మీద 1937 అక్టోబర్ 1 నాటికి పేరుకున్న వడ్డీని రద్దు చేసింది. అసలుకు రెట్టింపు అప్పటికే కట్టి ఉంటే బాకీ మొత్తం తీరినట్లేనని చెప్పింది. వడ్డీ మనిషిని ఎంత దూరం లాక్కుపోతుందో ఆనాటి పాలకులు కూడా గుర్తించారన్నమాట.

నష్టపోయిన పండ్ల వ్యాపారి

రాజీకి దారి లేని స్థితి కూడా ఉంటుంది. దైవప్రవక్త (స) కాలంలో ఒక వ్యక్తి పండ్లు కొని నష్టపోయాడు. అప్పులు పెరిగిపోయాయి. అతనికి దానం చేయండని ఆయన ప్రజలకు చెప్పారు. ప్రజలు ఇచ్చారు, కాని బాకీకి సరిపోలేదు. అప్పుడు ఆయన అప్పులవాళ్లతో, దొరికింది తీసుకోండి, అంతకు మించి మీకు మరేమీ లేదని తేల్చిచెప్పారు. సహీహ్ ముస్లింలో ఉన్న ఈ హదీసు దివాలా వ్యవహారానికి పునాది లాంటిది.

ఇక్కడ క్రమం గమనించండి. ముందు సమాజం సహాయం చేయాలి. తరువాత ఉన్నదంతా అప్పులవాళ్లకు పంచాలి. ఆ తరువాత వాళ్లు అతని వెంట పడటం మానాలి. హజ్రత్ ముఆజ్ బిన్ జబల్ (రజి) విషయంలో కూడా దైవప్రవక్త (స) ఆయన ఆస్తి అమ్మించి అప్పులవాళ్లకు ఇప్పించారని ఉల్లేఖనాలున్నాయి. అంతటి పండితుణ్ణి ఆ తరువాత యమన్‌కు బాధ్యతలిచ్చి పంపారు. దివాలా తీసినంత మాత్రాన ఆయన గౌరవం పోలేదు. ఐ.పి. పెట్టినవాణ్ణి పెళ్లిళ్లకు పిలవడం మానేసే మన సమాజం ఈ విషయం ఆలోచించాలి.

హజ్రత్ ఉమర్ (రజి) కాలంలో జుహైనా తెగకు చెందిన ఒకాయన హాజీలందరికంటే ముందు చేరాడన్న పేరు కోసం ఖరీదైన ఒంటెలు అరువుకు కొని దివాలా తీశాడు. ఉమర్ (రజి) అతని అప్పులవాళ్లందరినీ మరునాడు రమ్మని బహిరంగంగా ప్రకటించి, ఆస్తిని వాళ్ల మధ్య పంచారు. అప్పు దిగులుతో మొదలై తగాదాతో ముగుస్తుందని ప్రజలను హెచ్చరించారు.

ఇమామ్ అబూ హనీఫా (రహ్మలై) బాకీదారు వ్యవహారాలను న్యాయమూర్తి తన చేతిలోకి తీసుకుని ఆస్తి అమ్మడాన్ని అంగీకరించలేదు. వయసొచ్చిన, బుద్ధి ఉన్న మనిషి స్వేచ్ఛను అలా తీసివేయరాదన్నది ఆయన అభిప్రాయం. ఆయన శిష్యులైన ఇమామ్ అబూ యూసుఫ్, ఇమామ్ ముహమ్మద్ దాన్ని అంగీకరించారు. హనఫీ పండితులు ఫత్వా ఇచ్చింది ఈ శిష్యుల మాట ప్రకారమే. అప్పులవాళ్ల హక్కు కాపాడటానికి అది తప్పనిసరి అని వారు భావించారు.

మన దేశ చట్టం ఏమంటుంది?

హైదరాబాదు, విజయనగరం వంటి చోట్ల మామూలు మనిషి ఐ.పి. పెట్టేది 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టం కింద. కనీసం 500 రూపాయల బాకీ ఉండి, తీర్చలేని స్థితిలో ఉన్నవాడు జిల్లా కోర్టులోగాని, అధికారం ఇచ్చిన కింది కోర్టులోగాని పిటిషన్ వేయవచ్చు. కోర్టు దివాలాదారుగా ప్రకటిస్తే అతని ఆస్తి కోర్టు చేతిలోకి, లేదా కోర్టు నియమించిన రిసీవర్ చేతిలోకి వెళుతుంది. దాన్ని అమ్మి అప్పులవాళ్లకు దామాషా ప్రకారం పంచుతారు. బట్టలు, వంట పాత్రలు, చేతిపనివాడి పనిముట్లు వంటివి జప్తు నుంచి మినహాయింపు. తాకట్టు పెట్టుకున్నవాడి హక్కు తాకట్టు వస్తువు మీద అలాగే ఉంటుంది.

ఈ చట్టంలోనే రాజీకి కూడా చోటుందని చాలామందికి తెలియదు. దివాలాదారు అయ్యాక కూడా ఇంత ఇస్తాను, ఇలా ఇస్తానని అతను ప్రతిపాదన పెట్టవచ్చు. బాకీ రుజువు చేసుకుని హాజరైన అప్పులవాళ్లలో సంఖ్య ప్రకారం ఎక్కువమంది, విలువ ప్రకారం నాలుగింట మూడు వంతులు ఒప్పుకుని, కోర్టు సమ్మతిస్తే అది అమలవుతుంది.

చివరికి కోర్టు విముక్తి ఇవ్వాలి. ఆస్తి విలువ బాకీలో రూపాయికి యాభై పైసలు కూడా లేకపోతే, ఆ స్థితికి తాను బాధ్యుణ్ణి కానని బాకీదారు నిరూపించుకోవాలి. లేకపోతే కోర్టు పూర్తి విముక్తి ఇవ్వదు. మన ఉదాహరణలోని వ్యాపారికి రూపాయికి పావలానే వస్తుంది. కనుక వాన, జబ్బు అతన్ని ఎలా దెబ్బతీశాయో అతను చూపించాలి. ఆపదలో చిక్కినవాణ్ణి, దుబారా చేసినవాణ్ణి వేరువేరుగా చూడాలన్న న్యాయం ఈ చట్టంలో కూడా కనిపిస్తుంది. ప్రభుత్వానికి ఉన్న బాకీ, మోసంతో తెచ్చిన బాకీ, కోర్టు విధించిన మనోవర్తి మాత్రం విముక్తి వచ్చినా పోవు.

2016లో కొత్త దివాలా స్మృతి వచ్చింది. అందులో వ్యక్తులకు సంబంధించిన భాగం ముందు చెల్లింపు ప్రణాళిక, అది కుదరకపోతే దివాలా అనే క్రమాన్ని పెట్టింది. ఏడాదికి 60,000 రూపాయలకు మించని ఆదాయం, 20,000కు మించని ఆస్తి, 35,000కు మించని బాకీ ఉన్న నిరుపేదలకు కొత్త జీవితం మొదలుపెట్టే అవకాశాన్ని కూడా అందులో రాశారు. అయితే ఆ భాగాన్ని 2019 డిసెంబర్ 1 నుంచి కంపెనీల అప్పులకు వ్యక్తిగత హామీ ఇచ్చినవారి వరకే అమల్లోకి తెచ్చారు.

బాకీ తీర్చలేనంత మాత్రాన జైలులో పెట్టరాదని సుప్రీం కోర్టు 1980లో జాలీ జార్జ్ వర్గీస్ కేసులో స్పష్టం చేసింది. జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ రాసిన ఆ తీర్పు, ఉండి ఎగవేసేవాణ్ణి, లేక ఇవ్వలేనివాణ్ణి వేరు చేసింది. పద్నాలుగు శతాబ్దాల క్రితమే దైవప్రవక్త (స) ఈ తేడా చూపించారు. కలిగినవాడు వాయిదాలు వేయడం దౌర్జన్యమని ఆయన ప్రవచించారు. లేనివాడి విషయంలో అల్ బఖర సూరా 280వ ఆయత్ వెసులుబాటు కలిగేవరకు గడువు ఇవ్వమని, మాఫీ చేస్తే అది మరింత మేలని ఆదేశిస్తోంది.

కోర్టు కొట్టివేస్తే బాకీ పోతుందా?

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. పండ్ల వ్యాపారి హదీసును బట్టి కొందరు, దొరికింది తీసుకున్నాక మిగతా బాకీ రద్దయిపోయిందని అనుకుంటారు. ఫికహ్ పండితులలో అత్యధికులు అలా అర్థం చేసుకోలేదు. ప్రస్తుతానికి అతన్ని అడిగే హక్కు అప్పులవాళ్లకు లేదు, మిగతా బాకీ అతనికి కలిమి వచ్చేవరకు ఆగుతుంది అని వారి వివరణ. దీన్ని గడువిమ్మన్న ఖుర్ఆన్ ఆయత్‌తో కలిపి చూస్తే ఈ వివరణే సబబుగా కనిపిస్తుంది.

ప్రోనోటు విషయం చూడండి. మూడేళ్లు దాటితే కాలదోషం పట్టిందంటారు. కోర్టు ఇక దావా తీసుకోదు. కాని తీసుకున్న డబ్బు తీసుకున్నదే కదా! క్యాలెండర్ తిరిగినంత మాత్రాన ఎదుటివాడి సొమ్ము మన సొమ్ము కాదు. కోర్టు తలుపు మూయడం వేరు, హక్కు తీరిపోవడం వేరు. ఐ.పి. విముక్తి కూడా ఇలాంటిదే. అది మన ఇంటి మీదికి వచ్చే చేతిని ఆపుతుంది. అది న్యాయమే, ధర్మమే. కాని ఎదుటివాడి గుండెలో మిగిలిన బాధను అది తీసివేయలేదు. రాజీలో హక్కుదారుడు తన నోటితో వదులుకుంటాడు. ఐ.పి.లో అతని చేత వదిలిస్తారు. పరలోకం దృష్టితో రెండింటి మధ్య తేడా ఇదే.

దీనికి ఎవరైనా ఒక అభ్యంతరం చెప్పవచ్చు. బాకీ జీవితాంతం వెంటాడితే మనిషి మళ్లీ లేచి నిలబడేదెలా? చచ్చేదాకా సంపాదించిందంతా పాత అప్పులకే పోస్తే పిల్లల గతేమిటి? ఈ అభ్యంతరంలో బలముంది. దీనికి జవాబు పైన చెప్పిన ఆయత్‌లోనే ఉంది. గడువు 'వెసులుబాటు' కలిగేవరకు. తిండి, బట్ట, నీడ, పిల్లల అవసరాలు తీరాక మిగిలేదే వెసులుబాటు. అది రాకుండానే మనిషి చనిపోతే, తీర్చాలన్న సంకల్పం నిజమైనదైతే, అల్లాహ్ తన ఖజానా నుంచి అతని తరఫున తీరుస్తాడన్న ఆశ ఉంది. అది వచ్చాక కూడా 'కోర్టు నన్ను విడిచిపెట్టింది' అని ఊరుకున్నవాడికి ఆ ఆశ ఎక్కడిది?

రాజీ కూడా అన్యాయం కావచ్చు

ఇంతవరకు చదివి, అయితే రాజీయే ఎప్పుడూ మేలు, ఐ.పి. ఎప్పుడూ తప్పు అనుకోకండి. రామతీర్థం వ్యాపారి లెక్కకు మళ్లీ వద్దాం. అతను మొదట ఎవరితో రాజీ పడతాడు? గుమ్మం ముందు నిలబడి అరిచే వారం ఫైనాన్స్ మనిషితో. సరుకంతా అమ్మగా వచ్చిన 1,00,000 అతనికిచ్చి నోరు మూయిస్తాడు. టోకు వర్తకుడు వకీలు నోటీసు ఇస్తాడు. మరి 80,000 ఇచ్చిన వితంతువు? ఆమె అరవదు. ఆమెకు వకీలు లేడు. ఆమెకు దక్కేది సున్నా.

అదే దామాషా ప్రకారం పంచితే టోకు వర్తకుడికి 50,000, ఫైనాన్స్‌కు 30,000, ఆ వితంతువుకు 20,000 దక్కుతాయి. ఉమర్ (రజి) అప్పులవాళ్లందరినీ ఒకే రోజు, ఒకే చోటికి పిలిచింది ఇందుకే. ఒకరికి తెలియకుండా ఇంకొకరికి ఇచ్చే రాజీలో బలవంతుడు గెలుస్తాడు. ఐ.పి. చట్టం కూడా, పిటిషన్‌కు ముందు మూడు నెలల లోపల ఒకరికి పక్షపాతంగా చేసిన చెల్లింపును రద్దు చేయగలదు. కనుక అందరినీ కూర్చోబెట్టి, అందరికీ నిజమైన లెక్క చూపించి చేసే రాజీయే ధర్మబద్ధమైన రాజీ. అందరూ కూర్చోవడానికి ఒప్పుకోకపోతే, ఒకరిద్దరు దౌర్జన్యానికి దిగితే, ఐ.పి. పెట్టడం బలహీనుల హక్కును కాపాడటమే అవుతుంది.

ఐ.పి. ఎప్పుడు మోసమవుతుంది? పొలం బావమరిది పేర రాసి, ఇల్లు భార్య పేర మార్చి, ఆ తరువాత వట్టి చేతులు చూపించినప్పుడు. దివాలాకు ముందు రెండేళ్లలో ఇలా చేసిన బదలాయింపులను కోర్టు చెల్లవని చెప్పగలదు. ఆస్తి దాచినవాడికి శిక్ష కూడా ఉంది. కోర్టు కళ్లుగప్పినా అల్లాహ్ కళ్లుగప్పగలమా? అయితే ఒక మాట. భార్యకు ఇచ్చిన మహర్, పుట్టింటి నుంచి ఆమెకు వచ్చిన వాటా ఆమె సొంతం. భర్త అప్పుకు అది జవాబుదారీ కాదు. ఆమె ఇష్టపడి సహాయం చేస్తే పుణ్యం. ఒత్తిడి చేసి మెడలోది తీయించడం మరో దౌర్జన్యం.

వడ్డీ నిషిద్ధం కనుక బాకీ ఎగవేయవచ్చా?

మన ఇళ్లలో ఈ ప్రశ్న తరచుగా వస్తుంది. 2009లో కర్ణాటకలోని కోలారులో ఇది పెద్ద వివాదమే అయింది. తెలుగు మాట్లాడేవారు ఎక్కువగా ఉండే ప్రాంతమది. పట్టు పరిశ్రమ దెబ్బతిని, సూక్ష్మరుణ సంస్థల వారం వాయిదాలు కట్టలేక పేద మహిళలు నలిగిపోతున్నప్పుడు, అక్కడి అంజుమన్ ముస్లిం మహిళలు ఆ వాయిదాలు కట్టరాదని పిలుపునిచ్చింది. మరుసటి ఏడు ఆంధ్రప్రదేశ్‌లో కూడా వసూళ్ల వేధింపులు, ఆత్మహత్యల నేపథ్యంలో ప్రభుత్వం 2010 అక్టోబర్‌లో ఆర్డినెన్స్ తెచ్చింది.

వేధింపును ఎదిరించడం న్యాయమే. వడ్డీ దౌర్జన్యమే. కాని ఖుర్ఆన్ వడ్డీని నిషేధించిన చోటే, పశ్చాత్తాపపడిన వడ్డీ వ్యాపారికి అసలు దక్కుతుందని కూడా చెప్పింది. అతను దౌర్జన్యం చేయరాదు, అతని మీదా దౌర్జన్యం జరగరాదు. అసలు ఎగవేయడం రెండో దౌర్జన్యం. అప్పిచ్చినవాడు ముస్లిం కాడు కదా అనడం మరీ పొరపాటు. దైవప్రవక్త (స) పరమపదించేనాటికి ఆయన కవచం బార్లీ గింజల నిమిత్తం ఒక యూదుడి దగ్గర తాకట్టులో ఉంది. హజ్రత్ జాబిర్ (రజి) తండ్రి ఉహద్‌లో అమరులైనప్పుడు మిగిలిన బాకీ కూడా యూదులకే. దైవప్రవక్త (స) స్వయంగా వెళ్లి తగ్గించమని అడిగారు. వారు ఒప్పుకోలేదు. ఆయన బలవంతం చేయలేదు. ఖర్జూరాలు కొలిచి పూర్తిగా ఇప్పించారు. అల్లాహ్ అందులో శుభం కలిగించాడు.

కనుక బ్యాంకుతోనైనా, ఫైనాన్స్‌తోనైనా వడ్డీ తగ్గించమని, అపరాధ రుసుములు మాఫీ చేయమని గట్టిగా అడగండి. అసలు విషయంలో మాత్రం మాట తప్పకండి. ఇంకెన్నడూ వడ్డీ జోలికి పోనని అల్లాహ్ ముందు తౌబా చేయండి.

ఏం చేయాలి?

మొదట, దాచడం మానాలి. అప్పులో పడ్డవాడు మాట్లాడితే అబద్ధమాడతాడని, మాటిస్తే తప్పుతాడని దైవప్రవక్త (స) హెచ్చరించారు, అందుకే అప్పు నుంచి అల్లాహ్ శరణు వేడేవారు. కొత్త అప్పు తెచ్చి పాతది తీర్చడం, ఫోన్‌లో నిమిషాల్లో దొరికే యాప్ రుణాలకు చేయి చాచడం ఆపాలి. కాగితం తీసుకుని ఎవరికి ఎంత, అసలెంత, వడ్డీ ఎంత, తాకట్టు ఏమిటి అన్నది రాయాలి. ఖుర్ఆన్‌లోని అతి పొడవైన ఆయత్ బాకీని రాసిపెట్టుకోమని చెప్పేదేనన్న విషయం మరవకండి. ఆ కాగితం భార్యకు, పెద్ద పిల్లలకు చూపించాలి.

రెండవది, అప్పులవాళ్లు వెతుక్కుంటూ వచ్చేలోపే తానే వాళ్ల దగ్గరికి వెళ్లాలి. నెలకు నిజంగా ఎంత ఇవ్వగలడో అంతే చెప్పాలి. ఒప్పందాన్ని సాక్షుల ముందు రాసుకోవాలి. ఇచ్చిన ప్రతి వాయిదాకు రసీదు తీసుకోవాలి. ఇచ్చిన ఖాళీ చెక్కులు, ప్రోనోట్లు వెనక్కి అడగాలి. చెక్కు బౌన్స్ అయితే అది క్రిమినల్ కేసు అవుతుంది, ఐ.పి. పెట్టినా దాన్నుంచి రక్షణ దొరకదు.

మూడవది, లోక్ అదాలత్ తలుపు తట్టవచ్చు. 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టం ప్రకారం అక్కడ కుదిరిన రాజీ కోర్టు డిక్రీతో సమానం. దాని మీద అప్పీలు ఉండదు. పెండింగ్ కేసులో కట్టిన కోర్టు ఫీజు తిరిగి ఇస్తారు. ఇవేవీ కుదరకపోతే, లెక్కలన్నీ నిజాయితీగా పెట్టి ఐ.పి. వేయడంలో పాపం లేదు. మిగిలిన బాకీల జాబితా మాత్రం వీలునామాతోపాటు ఇంట్లో భద్రంగా ఉండాలి.

అప్పిచ్చినవారికీ, జమాఅత్‌కూ రెండు మాటలు

ప్రజలకు అరువిచ్చి, ఇబ్బందిలో ఉన్నవాణ్ణి వదిలిపెట్టమని తన పనివాళ్లకు చెప్పే ఒక వర్తకుణ్ణి అల్లాహ్ కూడా వదిలిపెట్టాడని హదీసు తెలియజేస్తోంది. మీ బాకీదారు నిజంగా చితికిపోయాడని తెలిసినప్పుడు మీరిచ్చే గడువులో ప్రతి రోజూ మీకు పుణ్యమే. తుఫాను వచ్చిన ఏడు తోట గుత్తకు ఇచ్చినవారు, సరుకు అరువిచ్చినవారు తమంతట తాము కొంత తగ్గించాలి.

జకాత్ అందవలసిన ఎనిమిది వర్గాల్లో బాకీల్లో చిక్కినవారు ఒక వర్గమని అత్తౌబా సూరా 60వ ఆయత్ చెబుతోంది. మన ఊళ్లలో రమజాన్ నెలలో జకాత్ డబ్బు అడిగినవారికి వంద, రెండు వందల చొప్పున పంచిపెడతాం. అదే డబ్బును మస్జిద్ కమిటీ ఒకచోట చేర్చి, ప్రతి ఏడూ ఒక్క కుటుంబాన్నయినా అప్పు నుంచి పూర్తిగా విడిపిస్తే, పదేళ్లలో పది ఇళ్లు నిలబడతాయి. అప్పులవాళ్లతో మాట్లాడి వడ్డీ తగ్గించి, అసలును నేరుగా వారికే చెల్లించవచ్చు. బాకీదారు సిగ్గుతో చేయి చాచవలసిన అవసరం కూడా ఉండదు.

ఈ పని మనం చేయనందువల్లే కొందరు ఎవరికీ చెప్పుకోలేక ప్రాణాలు తీసుకుంటున్నారు. అప్పు పరువు తీసేదే కావచ్చు. కాని ప్రాణం అల్లాహ్ అమానత్. దాన్ని తీసుకుంటే బాకీ తీరదు. లేచి నలుగురిలో 'నా దగ్గర లేదు, ఉన్నది ఇది' అని చెప్పేవాడు పిరికివాడు కాడు. అలా చెప్పినవాణ్ణి దైవప్రవక్త (స) దానంతో ఆదుకున్నారు, మిగిలినవారి నుంచి కాపాడారు. మనమూ అదే చేయాలి.

నిజమైన దివాలాదారు ఎవరో కూడా ఆయన మనకు చెప్పారు. నమాజులు, ఉపవాసాలు, జకాత్ మూటగట్టుకుని ప్రళయదినాన వచ్చి, ఒకరిని తిట్టినందుకు, ఇంకొకరి సొమ్ము తిన్నందుకు ఆ పుణ్యాలన్నీ వాళ్లకు పంచి ఇచ్చి, వట్టి చేతులతో నిలబడేవాడు. ఈ లోకపు దివాలాకు కోర్టు ఉంది, గడువు ఉంది, రాజీ ఉంది. ఆ దివాలాకు ఇవేవీ లేవు.

అల్లాహ్ మనందరినీ అప్పుల భారం నుంచి కాపాడుగాక! బాకీపడ్డవారికి తీర్చే శక్తినీ, అప్పిచ్చినవారికి క్షమించే మనసునూ, మన జమాఅత్‌లకు ఆదుకునే స్పృహనూ ప్రసాదించుగాక! ఆమీన్.